చందుర్తి, బందరు: ఒక స్వల్ప యుద్ధము, దాని దీర్ఘ ఫలము

బొబ్బిలి కథ ఎఱుగని తెలుగువారు అరుదు. 1757 జనవరి 24వ తేదీన జరిగిన ఆ యుద్ధమును జంగము కథకులు ఊరూర పాడిరి. రంగారావు అభిమానమును, తాండ్ర పాపారాయని సాహసమును పల్లెలలోని పిల్లలు సైతము చెప్పగలరు. తెలుగునాటినుండి తరతరాల క్రిందట తరలివచ్చి తమిళ దేశమున స్థిరపడిన రాజపాళయము వంటి ఊళ్లలోను ఆ పేర్లు అపరిచితములు కావు. కాని బొబ్బిలి కోట కూలిన పిమ్మట రెండేండ్లు నిండకుండగనే, ఆ సీమకు దక్షిణమున చందుర్తి గ్రామమువద్ద జరిగిన మఱియొక యుద్ధమును గూర్చి విన్నవారు తక్కువ. దానిని పాడిన కథకులు లేరు.

ఐనను చరిత్రలో రెండవదియే పెద్దది. బొబ్బిలివలన రెండు రాజకుటుంబముల గతి మాఱినది. చందుర్తి యుద్ధమువలనను, దాని వెంట వచ్చిన బందరు ముట్టడివలనను తెలుగు తీరము గతియే మాఱినది. అంతవఱకు ఈ తీరమున గిడ్డంగులు కట్టుకొని బట్టల వ్యాపారము చేయుచుండిన ఆంగ్లేయులు, 1758 అక్టోబరు మొదలు 1759 మే వఱకు, ఏడు నెలలకు లోపలనే, శిస్తు వసూలు చేయు భూపతులైరి. ఆ మార్పు ఎట్లు సంభవించెనో, దానికి వెల చెల్లించినవారెవరో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

యుద్ధమునకు పూర్వము

ఆంగ్లేయులు బందరులో 1611లోనే వర్తక స్థానమును నెలకొల్పుకొనిరి. డచ్చివారు వారికంటె ముందుగను, ఫ్రెంచివారు 1669లోను అచటికి వచ్చిరి. నూటయేబది సంవత్సరములపాటు ఆంగ్లేయులు ఈ తీరమున వర్తకులుగనే యుండిరి. గోలకొండ సుల్తానుల కాలమునను, మొగలుల కాలమునను వారు సుంకములు కట్టి, కానుకలు సమర్పించి, ఫర్మానాలు పొంది బ్రతికినవారే.

ఐరోపా జాతులలో ఇచట మొదట భూమిని సంపాదించినవారు ఫ్రెంచివారు. నిజాముల వారసత్వపు తగవులో సలాబతు జంగునకు బాసటగా నిలిచిన బుస్సీ, తన సైన్యపు జీతములకై 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను వ్రాయించుకొనెను. బందరు అంతకు మున్నే వారి వశమై యుండెను. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును 1756లో ఐరోపాయందు సప్తవర్ష సంగ్రామము మొదలుకాగా, మఱుసటి సంవత్సరము జూన్‌లో బుస్సీ విశాఖపట్టణమందలి ఆంగ్లేయుల కోటను పట్టుకొనెను. అదే జూన్ 23వ తేదీన వంగదేశమున ప్లాసీవద్ద క్లైవు జయము పొందెను. 1757 చివరకు ఉన్న స్థితి ఇది: వంగమున ఆంగ్లేయులది పైచేయి, కృష్ణ మొదలు గంజాము వఱకు ఫ్రెంచివారిదే రాజ్యము.

ఆనందగజపతి ఆహ్వానము

ఇచట విజయనగరమనగా హంపీ విజయనగరము కాదు. కళింగసీమలో పూసపాటివారు ఏలిన విజయనగరము. బొబ్బిలి యుద్ధమునకు బుస్సీని వెంటబెట్టుకొని పోయిన పెద విజయరామరాజు, ఆ యుద్ధము ముగిసిన వెంటనే తన డేరాలో పాపారాయని చేత హతుడయ్యెను. అతని పిమ్మట గద్దెనెక్కిన ఆనందగజపతిరాజునకు ఫ్రెంచివారియెడ సంతుష్టి లేకపోయెను.

1758 వేసవిలో పుదుచ్చేరికి గవర్నరుగా వచ్చిన లాలీ, చెన్నపట్టణమును ముట్టడింపదలచి, బుస్సీని హైదరాబాదునుండి వెనుకకు పిలిపించెను. సర్కారుల పాలనము కాన్‌ఫ్లాన్సు అను అధికారి చేతిలో పడెను. ఆ అదనుచూచి ఆనందగజపతి సెప్టెంబరులో విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి లాగికొని, తనకు తోడు రమ్మని ఆంగ్లేయులకు వర్తమానము పంపెను. మొదట అడిగినది చెన్నపట్టణమును. లాలీ సైన్యము తమపైకి రానున్నదని భయపడుచుండిన అచటి కౌన్సిలువారు సాయము చేయలేమనిరి. పిమ్మట కలకత్తాకు వ్రాయగా క్లైవు అంగీకరించెను. ఆనందగజపతిపై ప్రేమచేత కాదు; సర్కారులలో అలజడి లేవదీసినచో ఫ్రెంచివారి బలము చెన్నపట్టణముమీదినుండి కొంత మరలునని అతని ఎత్తు.

కల్నల్ ఫోర్డు నాయకత్వమున 500 మంది తెల్లవారు, 2,000 మంది సిపాయిలు ఓడలెక్కి అక్టోబరు 20వ తేదీన విశాఖపట్టణమున దిగిరి. నవంబరు మొదట కశింకోటవద్ద రాజుగారి సేనను కలిసికొనిరి. అప్పుడు జరిగిన ఒడంబడికలో ముఖ్యాంశములు మూడు. రాజమహేంద్రవరము రాజుగారి వశము కాగానే, ఆంగ్ల సైన్యపు అదనపు ఖర్చులకై ఆయన నెలకు 50,000 రూపాయల చొప్పున ఈయవలెను. లోనాడున జయించిన భూములు రాజుగారివి. విశాఖపట్టణము మొదలు బందరు వఱకు సముద్రతీరమును, రేవులును కంపెనీవి.

ఈ మూడు షరతులలోనే తరువాతి చరిత్ర ఇమిడియున్నది. రాజుగారి దృష్టికి భూమియే సంపద, రేవులు వర్తకుల వస్తువులు. కంపెనీ దృష్టికి రేవు చేతనున్నచో సైన్యము ఎప్పుడైనను, ఎక్కడనైనను దిగవచ్చును. ఇరువురును తమకు లాభమైన బేరమే చేసితిమని తలచిరి.

చందుర్తి

చందుర్తి నేటి కాకినాడ జిల్లాలో గొల్లప్రోలు సమీపమునందున్నది. ఆంగ్లేయుల గ్రంథములలో ఈ యుద్ధము కొండూరు పేరను పోలిన పేరుతో కనబడును. 1758 డిసెంబరులో ఇరు సైన్యములును అచట ఎదురుపడినవి. కాన్‌ఫ్లాన్సు పక్షమున సుమారు 500 మంది తెల్లవారు, 6,000 మంది సిపాయిలు, 30 ఫిరంగులు ఉండెను. ఫోర్డు పక్షమున 470 మంది తెల్లవారు, 1,900 మంది సిపాయిలు, ఆఱు ఫిరంగులు. ఆనందగజపతి కాల్బలము 5,000, గుఱ్ఱపు దళము 500 వఱకు ఉండెను.

ఫ్రెంచివారు ఓడిపోవుటకు కారణమైనవి ఒక పొరపాటు, ఒక చేను. ఫోర్డు సిపాయిలు ఎఱ్ఱని దుస్తులు ధరించియుండిరి. ఆ రంగు చూచి వారే ఆంగ్లేయ పటాలమని ఫ్రెంచివారు భ్రమించి, తమ తెల్ల సైనికులను వారిమీదికి నడపిరి. సిపాయిలు వెనుదిరిగిరి. జయించితిమని తలచి ఫ్రెంచివారు బారులు చెదరి తఱుమసాగిరి. నిజమైన ఆంగ్ల పటాలము నిలువెత్తు పెరిగిన చేనిచాటున ఉండి, అప్పుడు ప్రక్కనుండి వెలువడి తుపాకులు ప్రేల్చెను. ఫ్రెంచివారి తెల్ల సేన భగ్నమైన పిమ్మట తక్కిన సిపాయిలు నిలువలేదు. ఫిరంగులు, సామగ్రి విడిచి కాన్‌ఫ్లాన్సు బందరునకు పారిపోయెను. కొలది దినములలోనే రాజమహేంద్రవరము వశమయ్యెను.

ఇచట ఒక విషయము స్మరింపదగినది. క్లైవు 1756లో కలకత్తాను తిరిగి గెలుచుటకై దక్షిణమునుండి సిపాయిలను తీసికొనిపోయెను. వారినిబట్టియే వంగదేశమున కంపెనీ సిపాయిలకెల్లరకు ‘తెలింగా’లని పేరు వచ్చినది. తెలుగుజాతి పేరు అట్లు పరరాష్ట్రమున అన్యుల సైనికునకు పర్యాయపదమైనది. ఆ కంపెనీ సేనయే ఇప్పుడు తెలుగుదేశముమీదికి వచ్చినది.

ఏబది దినముల ఆలస్యము

చందుర్తి గెలుపు పిమ్మట ఫోర్డు వెంటనే బందరుమీద పడియుండిన యుద్ధము ఆ నెలలోనే ముగిసెడిది. కాని సుమారు ఏబది దినములు అతడు కదలలేకపోయెను. కారణము శత్రువు కాదు, సొమ్ము. ఒప్పుకొనిన నెలసరి మొత్తమును ఆనందగజపతి చెల్లింపలేదు.

ఆంగ్ల చరిత్రకారులు దీనిని రాజుగారి లోభముగను, మాట తప్పుటగను వ్రాసిరి. ఆ మాటలో కొంత నిజముండవచ్చును. కాని ఒక జమీందారుని ఆదాయము ఎట్లు వచ్చునో గమనించినచో అసలు సంగతి బోధపడును. శిస్తు పంటలనుబట్టి కిస్తులుగా వచ్చును. కోతలు కాకముందు రైతునొద్ద రొక్కముండదు. కంపెనీ సైన్యమునకు మాత్రము నెల తిరుగగనే రొక్కముగా జీతము ముట్టవలెను. కంపెనీకి కలకత్తాలోను, చెన్నపట్టణములోను ఖజానా ఉండెను, వర్తకుల హుండీలుండెను, ఓడలుండెను. రాజుగారికున్నది రానున్న పంట మాత్రమే. నెలజీతపు సైన్యమును పంటశిస్తుతో పోషింపబూనినవాడు అప్పుల పాలు కాక తప్పదు. ఆ తరువాతి అర్ధశతాబ్దమున ఆర్కాటు నవాబును, ఇంకను ఎందఱో ప్రభువులును మునిగినది ఈ గుంటలోనే.

ఎట్టకేలకు రాజును సమాధానపఱచి ఫోర్డు 1759 ఫిబ్రవరిలో ఏలూరు చేరెను. మార్చి 6వ తేదీన బందరు కోట యెదుట దిగెను.

బందరు కోట

కోట చుట్టును బురదనేల, ఉప్పుటేళ్లు. లోపల కాన్‌ఫ్లాన్సునకు ముట్టడించువారికంటె ఎక్కువ సైన్యముండెను. వెలుపల ఇంకొక ఫ్రెంచి దళము తిరుగుచు, రాజమహేంద్రవరమును మరల పట్టుకొనెను. సలాబతు జంగు పెద్ద సైన్యముతో బెజవాడకు వచ్చి దిగెను. పుదుచ్చేరినుండి ఓడలలో సాయము వచ్చుచున్నదని వార్త. ఫోర్డునొద్ద సొమ్ము లేదు. జీతములు, కొల్లసొమ్ము ముట్టలేదని తెల్ల సైనికులు తిరుగబడి, ఆయుధములతో వెడలిపోవుదుమని బెదరించిరి. కోట పట్టుబడినచో లభించు సొత్తునందు భాగము ఇప్పించెదనని మాటయిచ్చి అతడు వారిని నిలుపుకొనెను.

ఏప్రిల్ 7వ తేదీనాటికి మందుగుండు రెండు దినములకు సరిపడునంత మాత్రమే మిగిలెను. వెనుకకు పోవుటకు దారి లేదు. ఆ రాత్రి ఫోర్డు సర్వబలముతో కోటమీద పడెను. ఆనందగజపతి సేన ప్రధాన ద్వారమువైపు కలకలము చేసి శత్రువు దృష్టిని మరల్చెను. ఒక సిపాయి దళము బురదలోబడి నైరుతి దిక్కున నటనయుద్ధము చేసెను. అసలు దాడి ఈశాన్యమున జరిగెను. తెల్లవారునప్పటికి కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను. పట్టుబడినవారు 500 మంది తెల్లవారు, 2,500కు పైగా ఇతర సైనికులు. పట్టుకొనినవారి సంఖ్య అంతకంటె తక్కువ. వారము దినములకు ఫ్రెంచి ఓడలు రేవునకు వచ్చి, కోట చేయిజాఱినదని తెలిసికొని వెనుదిరిగినవి.

ఎవరికేమి దక్కెను

అంతవఱకు ఫ్రెంచివారికి తోడుగా వచ్చిన సలాబతు జంగు గెలిచినవారివైపు తిరిగెను. తమ్ముడు నిజాం అలీ రాజ్యమునకై పొంచియుండుటచేత అతనికి క్రొత్త స్నేహితులు కావలసివచ్చిరి. 1759 మే 14వ తేదీన సంధి కుదిరినది. బందరు సర్కారు, నిజాంపట్నము, కొండవీడు మొదలగు పరగణాలు కంపెనీకి ఇనాముగా వచ్చెను. తీరము వెంబడి సుమారు 80 మైళ్లు, లోనికి 20 మైళ్ల భూమి; ఏటికి నాలుగు లక్షల రూపాయల రాబడి. ఫ్రెంచివారికి ఇక నిజాం రాజ్యమున చోటు లేదు.

మఱి ఆనందగజపతికో? ఫ్రెంచి సర్కారులలో ఆయన వసూలు చేసినదానికి లెక్క అడుగబోమనియు, ఆయన తన పూర్వులవలెనే నిజామునకు పేష్కషు చెల్లించుచు తన దేశమున ఉండవచ్చుననియు, అందులకు సమ్మతింపనిచో నవాబు తన ఇష్టమువచ్చినట్లు చేయవచ్చుననియు ఆ సంధిలో వ్రాసిరి. లోనాడంతయు తనదగునని కశింకోటలో పొందిన ఆశకు ఇదియే ఫలము. యుద్ధమునకు పిలిచినవాడు, సేననిచ్చినవాడు, ఖర్చు మోసినవాడు, బయలుదేరినచోటనే నిలిచెను. మఱుసటి సంవత్సరము, 1760లో, ఆయన మరణించెను.

కంపెనీకి మాత్రము ఇది తొలిమెట్టు. 1760 జనవరిలో వందవాసివద్దను, 1761 జనవరిలో పుదుచ్చేరివద్దను ఫ్రెంచివారు ఓడిరి. సర్కారుల రాబడి లేని ఫ్రెంచివారికి సైన్యమును పోషించుట కష్టమగుటయు ఆ ఓటమికి ఒక కారణము. 1765 ఆగస్టులో క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలమునుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించెను. 1766 నవంబరు 12వ తేదీన నిజాం అలీ దానికి ఒప్పుకొనెను. ఆ సంధి రాయబారమున కాండ్రేగుల జోగిపంతులు పాత్ర ముఖ్యమైనది. 1788లో గుంటూరును చేరినది. 1823లో నిజామునకు ఈయవలసిన పేష్కషును కంపెనీ ఒక్కమొత్తముగా కొనివేసినది. రేవుతో మొదలైనది, అఱువదియైదేండ్లలో, ఎవరికిని కప్పము కట్టని ప్రభుత్వమైనది.

పద్మనాభము

ఆనందగజపతి పిమ్మట విజయనగర గద్దెపై కూర్చుండినవాడు, పెద విజయరామరాజు భార్య దత్తత చేసికొనిన బాలుడగు చిన విజయరామరాజు. పెరిగి పెద్దవాడైన పిమ్మట అతడు ఎదుర్కొనినది ఫ్రెంచివారిని కాదు, తన ఇంటివారు పిలిచి తెచ్చిన కంపెనీని. పేష్కషు పెంచిరి; బకాయిలు పేరుకొనెను; సంస్థానమును స్వాధీనము చేసికొని, నెలకు 1,200 రూపాయల భరణముతో బందరునకు పోయి ఉండవలసినదని రాజును ఆజ్ఞాపించిరి. ఏ కోటను గెలుచుటకు అతని ఇంటి సేన ద్వారమువద్ద నిలిచెనో, ఆ ఊరే అతనికి ప్రవాసముగా నిర్ణయింపబడెను.

అతడు బందరునకు పోలేదు. పద్మనాభమువద్ద తనవారితో నిలిచి, 1794 జూలై 10వ తేదీన కల్నల్ ప్రెండర్‌గాస్టు సైన్యముతో జరిగిన పోరాటమున ప్రాణములు విడిచెను. బందరు పడి ముప్పదియైదేండ్లైనది. బొబ్బిలివలె ఇదియు అభిమానముకొఱకు జరిగిన యుద్ధమే. కాని దీని మూలము కశింకోట ఒడంబడికలో ఉన్నది.

ఇతర దేశములలో

వర్ధిల్లుచున్న ఒక జాతి చిన్న యుద్ధముతో సముద్రాంతర రాజ్యమును పొందుట తెలుగుదేశముననే జరిగినది కాదు. 1898లో అమెరికా సంయుక్త రాష్ట్రములు స్పెయినుతో ఏప్రిల్ మొదలు ఆగస్టు వఱకు, నాలుగు నెలలు మాత్రమే, యుద్ధము చేసినవి. మే 1వ తేదీన మనీలా రేవున స్పెయిను నౌకలను నాశనము చేసిరి. ఫిలిప్పీను ప్రజానాయకుడు అగినాల్డో అమెరికనుల ఓడలోనే స్వదేశమునకు వచ్చి, లోనాడున స్పెయినువారితో పోరాడి, జూన్ 12వ తేదీన స్వాతంత్ర్యమును ప్రకటించెను. డిసెంబరున పారిసులో జరిగిన సంధిలో ఆయనకు చోటు లేదు. రెండు కోట్ల డాలర్లకు స్పెయిను ఆ ద్వీపములను అమెరికాకు ఒసగెను. మఱుసటి సంవత్సరము అగినాల్డో నిన్నటి మిత్రులతోనే యుద్ధము చేయవలసివచ్చెను, 1901లో పట్టుబడెను. ఫిలిప్పీనులకు స్వాతంత్ర్యము 1946లో గాని రాలేదు. కాలము వేఱు, జాతులు వేఱు. రేవు ఒకరిది, లోనాడు ఇంకొకరిదని తలచిన ఒప్పందము గతి మాత్రము ఒక్కటే.

రాజపాళయపు పరిసరములకును ఈ చరిత్ర దూరమైనది కాదు. 1755లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ కంపెనీ సేనను మధుర, తిరునెల్వేలి సీమలకు శిస్తు వసూలుకై తెచ్చెను. రాజపాళయమునకు దక్షిణముననున్న నెల్కట్టుంసేవల్ పాళెగాడు పూలితేవరు వారిని ఎదిరించెను. 1761లో యూసుఫ్‌ఖాను అతని కోటలను పట్టుకొనెను. తెలుగు మాతృభాషగాగల కట్టబొమ్మను 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తాఱులో ఉరితీసిరి. సేనను అద్దెకు తెచ్చిన నవాబు మాత్రము నిలిచెనా? ఆ అప్పులలోనే మునిగి, అతని వంశమువారు 1801లో కర్ణాటక పాలనమంతయు కంపెనీకి వదలుకొనిరి. తీరాంధ్రమున జమీందారు, తమిళ దేశమున నవాబు, ఇరువురును నడచిన దారి ఒక్కటే.

ఆనందగజపతిని దేశద్రోహియనుట న్యాయము కాదు. ఆనాడు ‘దేశము’ అను భావన నేటి అర్థమున లేదు. ఫ్రెంచివారు ఎంత పరాయివారో ఆంగ్లేయులును అంతే. ఒకరిని వెడలగొట్టుటకు ఇంకొకరిని పిలుచుట అప్పటి రాజనీతి. ఆయన పొరపడినది పిలుచుటలో కాదు, బేరములో. తీరమును ఇచ్చి లోనాడు దక్కునని నమ్మెను. నెలజీతమును పంటతో తీర్చగలనని నమ్మెను.

1758లో ఆనందగజపతి సాయము కోరినప్పుడు చెన్నపట్టణపు సెంటుజార్జి కోట ఆయనకు లేదని చెప్పినది. 1949 ఏప్రిల్‌లో ఆ కోటలోనే ఉమ్మడి మదరాసు రాష్ట్ర ప్రధానిగా పదవి స్వీకరించినవారు రాజపాళయమున జన్మించిన పూసపాటి సంజీవి కుమారస్వామి రాజావారు. ఆయన ఇంటిపేరు ఆనందగజపతి ఇంటిపేరే. 1952 వఱకు ఆయన పాలించిన రాష్ట్రమున చందుర్తియు, బందరును, పద్మనాభమును చేరియుండెను. ఈమాఱు అధికారము ఒడంబడికవలనను, అద్దెసేనవలనను వచ్చినది కాదు. స్వతంత్ర భారతమున శాసనసభ్యుల సమ్మతితో వచ్చినది. చందుర్తి కథను నేర్చుకొనువారు ఈ రెండవ భాగమునుకూడ చదువవలసియున్నది.